లోపలికి రమ్మన్న అత్త

మా కాలనీ అత్త పోయింది. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం అన్న ఫోన్ చేసి చెప్పాడు. నేనప్పుడు ఒంగోలులో, పని చేసే కాలేజీ లైబ్రరీలో ఉన్నాను. "అన్నం తిని పడుకునింది, పడుకున్నట్టే పోయింది. పాప పక్కనే నిద్రపోతా ఉండింది. మీ వదిన పాపను ఎత్తుకుందామని పోయి చూసింది," అన్నాడు.

ఏడుపు బస్సులో వచ్చింది, పొదిలి దాటాక. దానికంటే ముందు వచ్చింది మాత్రం ఊరట. తప్పుగా అనుకోకండి. మా అత్త చాలా పెద్ద చావు ఒకటి వస్తే మనుషులు దాన్నించి ఎట్లా బయటపడాలో ఏళ్ల తరబడి ఆలోచించిన మనిషి. ఆకాశం ఒక్కసారిగా తెల్లబడితే ఏం చెయ్యాలి, ఆ తర్వాత గాలిలో వచ్చే దుమ్మును ఎట్లా ఆపాలి, నీళ్లు దేనిలో మూసిపెట్టాలి, ఇవన్నీ ఆమె దగ్గర సిద్ధంగా ఉండేవి. అట్లాంటి మనిషికి చివరికి వచ్చింది ఇంత చిన్న చావు. పెరుగన్నం, ఒక కునుకు, పక్కన నిద్రపోతున్న పిల్ల. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె తేలికవుతుంది.

ఆమె మా నాయనకు అక్క. పెళ్లయిన కొత్తలోనే మామ ఉద్యోగం వల్ల తమిళనాడుకు పోయి, సముద్రం పక్కన అణువిద్యుత్తు తయారుచేసే చోట ఉద్యోగుల కాలనీలో కాపురం పెట్టింది. మామ అక్కడ పంపుల రిపేరు చూసేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. రిటైరైన తర్వాత మామ గుండెపోటుతో పోయాడు. అది అక్కడి గాలి వల్లేనేమోనని ఎవరైనా సానుభూతిగా అంటే అత్త ఒప్పుకునేది కాదు. "గాలీ లేదు, ధూళీ లేదు. రోజూ టిఫినుకు మెదువడలు తిన్నాడు మీ మామ. నేను వద్దన్నా తిన్నాడు," అనేది. ఆ తర్వాత మార్కాపురం వచ్చి మా ఇంట్లో ఉండిపోయింది. నేనప్పుడు మూడో తరగతి. ఏ మాటైనా "మా కాలనీలో అయితే" అని మొదలుపెట్టేది కాబట్టి పిల్లలం కాలనీ అత్త అన్నాం. కొన్నాళ్లకు పెద్దవాళ్లకూ ఆమె పేరు అదే అయిపోయింది.

ఆ కాలనీలో ఏడాదికోసారి సైరన్ మోగించి అలవాటు చేయించేవాళ్లట. మోగగానే ఎక్కడివాళ్లు అక్కడ దగ్గర్లో ఉన్న ఇంట్లోకి పోవాలి. తలుపులు, కిటికీలు మూయాలి. తలుపు కింది సందులో తడిగుడ్డ నొక్కాలి. బయటి గాలిని లోపలికి లాగే కూలర్లు ఆపాలి. జీపు వచ్చి మైకులో ఇక రావచ్చు అని చెప్పేదాకా గడప దాటకూడదు. అది ఉత్తుత్తి సైరనే అని ముందుగానే తెలుసు కాబట్టి ఆడవాళ్లు పొద్దున్నే పులిహోర కలిపి పెట్టుకునేవాళ్లట. వీధిలో ఆడుకుంటున్న పిల్లలు ఎవరింట్లోకి దూరితే ఆ పూటకు వాళ్ల పిల్లలే. అత్త తన తలుపు కావాలనే బార్లా తీసి పెట్టుకునేదని నాకు అనుమానం. ఆమె చెప్పినప్పుడల్లా ఆ రోజు ఒక పండగలాగే వినిపించేది.

మా పేట పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. మాది పలకల ఊరు. మా నాయనకు రాయి కోసే షెడ్డు ఉంది. ఒకప్పుడు బడిపిల్లల పలకలు చేసేవాళ్లు. ఇప్పుడు గోడలకు అతికించే రాళ్లు కోస్తారు. పేటకు వెనక కొంత దూరంలో క్వారీలు. అక్కడ మందు పేల్చే ముందు హారన్ మోగుతుంది. హారన్ వినగానే మా పేటలో అందరూ ఇళ్లలోంచి బయటికి వస్తారు. మా ఇళ్లకు బండల కప్పు కదా, అదురుకు బండ జారుతుందని భయం. మా తాత కాలంలో ఒకసారి పక్కింట్లో అట్లాగే జారి ఉయ్యాల మీద పడిందట. ఆ ఘడియకు ఉయ్యాలలో పిల్ల లేదు, తల్లి అప్పుడే ఎత్తుకునింది. అప్పటినుంచి హారన్ అంటే బయటికి. నడక రాని పిల్లలను చంకనేసుకొని, పొయ్యి మీది కూర దించి, అందరూ వీధిలోకి వచ్చి నిలబడతారు. మందు పేలుతుంది, కొండ పక్కన కాస్త దుమ్ము లేస్తుంది, మళ్లీ లోపలికి పోతారు. ఎవరికీ అది వింత కాదు.

అత్త ఒక్కతే హారన్ మోగితే లోపలికి పోయేది. ఎన్నేళ్ల అలవాటో, చెవిన పడగానే కాళ్లు అటు నడిచేవి. పక్కింటి పిన్ని వీధిలో నిలబడి నవ్వేది. "ఏమక్కా, మేమంతా ఎండలో నిలబడాల, నువ్వు రాణి మాదిరి లోపల కూర్చోవాలనా?" అనేది. లోపలినుంచి జవాబు వచ్చేది. "రాణి కాబట్టే కూర్చున్నా. నువ్వూ రా, కుర్చీ ఉంది."

నేను ఆ కుర్చీలో చాలాసార్లు కూర్చున్నాను. నేను చదివిన కాన్వెంట్‌లో సిస్టర్లు మంచివాళ్లే, కానీ ప్రతి ఏడాదీ ప్రోగ్రెస్ కార్డులో నేను ఇంకా ముందుకు రావాలని రాసేవాళ్లు. ఇంట్లో చుట్టాలు వస్తే పుస్తకం పట్టుకొని గదిలో దూరతానని అమ్మ బాధపడేది. అందరూ నన్ను బయటికి రమ్మన్నవాళ్లే. లోపల ఉండటం కూడా ఒక విద్య అన్నట్టు చూసిన మనిషి మా అత్త ఒక్కతే. నేను చదువుకుంటుంటే తలుపు దగ్గరికి వేసి పోయేది. ఏం చదువుతున్నావని ఆరా తీసేది కాదు. చదివిందాన్లో నాకు నచ్చింది ఏదైనా ఉంటే చెప్పమనేది. నేను పెద్ద గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది ఆమె కోసమే, ఆమెకు కుడి చెవి సరిగా వినపడదు.

కిందటి ఎండాకాలం మీకు గుర్తుండే ఉంటుంది. సరిహద్దులో గొడవ మొదలై రోజురోజుకూ పెరుగుతున్న రోజులు. టీవీలో పొద్దస్తమానం సైరన్ మోతలు, మంటల బొమ్మలు. రెండు పక్కలా అణుబాంబులు ఉన్నాయని, పడితే ఏమవుతుందో బొమ్మలు గీసి మరీ చూపించేవాళ్లు. పెద్ద ఊళ్లలో సైరన్ మోగించి జనానికి అలవాటు చేయిస్తున్నారని వార్త. మా పేటలో ఫోన్లనిండా ఒకరికొకరు పంపుకున్న కబుర్లు. ఉల్లిపాయలు జేబులో పెట్టుకోమని ఒకటి, ఒంటికి పసుపు పూసుకోమని ఒకటి. నేను సెలవుల్లో ఇంట్లోనే ఉన్నాను.

మా వదినకు అప్పుడు నెలలు నిండాయి. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి నిలిచింది కాబట్టి ఇంట్లో అందరం ఊపిరి బిగపట్టుకొని తిరుగుతున్నాం. ఆమె పైకి ఏమీ అనేది కాదు. ఒకరోజు మాత్రం టీవీ ఆపి, కడుపు మీద చెయ్యి పెట్టుకొని, "ఈ బిడ్డ కూడా నాకు దక్కదేమో," అని మెల్లగా అన్నది. గదిలో అత్త, నేను మాత్రమే ఉన్నాం. అత్త ఏ ధైర్యమూ చెప్పలేదు. లేచి వెళ్లి నాయనను పిలుచుకొచ్చింది.

నాయన దగ్గర అప్పటికే ఒక ఆలోచన ఉంది. పేటలో మగవాళ్లు మాట్లాడుకున్న ఆలోచనే. ఏదైనా జరిగితే అందరూ టెంపోల్లో ఎక్కి, పని ఆపి వదిలేసిన పాత క్వారీ గుంతలకు పోయి అడుగున దాక్కోవాలని. రాళ్లు తోలే టెంపోను నాయన గేటు దగ్గరే పెట్టించి, వెనక పరుపు కూడా వేయించాడు.

"లోతెంతనుకున్నావక్కా ఆ గుంత? అడుక్కు పోతే ఏ బాంబూ ఏం చేయలేదు," అన్నాడు.

"లోతుంటే ఏం లాభంరా, నెత్తిన మూత లేనిదే? పైన పడిన దుమ్మంతా జారేది అందులోకే. ఈ పిల్లను ఆ రాళ్ల మీద యాడ పడుకోబెడతావు?"

"మరి బండల కప్పు కింద కూర్చోమంటావా? తెలిసి తెలిసి?"

"పలకల గదికి స్లాబు పోయించినాడు కదా మన నాయన. అందులో కూర్చోమంటా."

మా తాత సరుకు దాచడానికి ఇంటి నడిమధ్యన కట్టించిన గది అది. ఆ ఒక్క గదికి సిమెంటు స్లాబు. కిటికీ ఒక్కటే, అదీ వంటింటి నడవలోకి. అమ్ముడుపోని బడిపలకలు పెట్టెలు పెట్టెలుగా గోడల వెంట పైదాకా పేర్చి ఉండేవి. వాటిని చూస్తే నాయనకు విసుగు. అత్తకు మాత్రం ఎప్పుడూ మురిపెమే. అణుదుమ్ము నుంచి వచ్చే కిరణాలను ఆపేది బరువేనని, మనకూ దానికీ నడుమ రాయి ఎంత మందంగా ఉంటే అంత మేలని ఆమెకు కాలనీలో చెప్పారు. "ఇంత రాయి ఇంట్లో పెట్టుకొని గుంతలకు పోతామంటారు, చూడు," అన్నది నాతో.

నాయన నవ్వాడు గాని ఒప్పుకోలేదు. అప్పుడు అత్త నా వైపు తిరిగింది. "నువ్వు చదువు పాపా. నేను చెప్తే కాలనీ కత అంటారు. పుస్తకంలో ఏముందో నువ్వు చెప్పు."

నేను ఫోన్లో పౌరరక్షణ గురించిన పుస్తకాలు వెతికి చదివాను. రెండు రోజులు చదివి, రాత్రి అన్నాలప్పుడు తలెత్తకుండా చెప్పాను. వెలుగు కనిపిస్తే అటు చూడకూడదు, బోర్లా పడుకోవాలి, ఎందుకంటే చప్పుడూ అదురూ ఆ తర్వాతే వస్తాయి. అది దాటితే, దుమ్ము రాలే లోపల మంచి కప్పు ఉన్న ఇంటి మధ్యగదిలోకి పోవాలి. పైబట్టలు తీసి దూరంగా పెట్టి ఒళ్లు కడుక్కోవాలి. మూతపెట్టిన నీళ్లు, కట్టిన పొట్లాల్లోని తిండి మాత్రమే వాడాలి. కనీసం ఒక రోజంతా, రేడియోలో మరోమాట చెప్పేదాకా కదలకూడదు. ఆ దుమ్ము మొదట్లోనే అన్నిటికంటే చెడ్డది, గంట గంటకూ దాని పస తగ్గిపోతుంది. బండ్లెక్కి రోడ్ల మీద పడటమే అన్నిటికంటే ప్రమాదం. అంతా అత్త చెప్పిందే. నేను ముగించేసరికి నా కంచంలో అన్నం ఎండిపోయింది.

అన్న అడిగాడు, అసలు మన ఊరి మీద వేస్తారా అని.

"మార్కాపురం మీద ఎవుడేస్తాడురా? మన పలకలు చూసి జడుసుకున్నాడా?" అన్నది అత్త. "పడితే యాడో పట్నం మీద పడుతుంది. పాపం, పక్కనే ఉన్నోళ్ల సంగతి ఆ దేవుడికెరుక. మనదాకా వచ్చేది గాలి, గాలిలో దుమ్ము. దానికి మనం చేయగలిగిన పని ఉంది. చేయగలిగిన పని ఉన్నప్పుడు చేసుకోవాల."

వదిన ఆ మాట వింటూ, చాలా రోజుల తర్వాత, రెండోసారి అన్నం పెట్టించుకుంది. నాయన మాత్రం టెంపోను గేటు దగ్గరినుంచి తీయించలేదు.

మర్నాటినుంచి అత్త పలకల గదిని సర్దింది. పెట్టెలను తలుపుకు ఎదురుగా కూడా అడ్డంగా పేర్పించింది, మనిషి పక్కగా తిరిగి పోయేంత సందు వదిలి. బిందెలకు గుడ్డ కట్టించింది. బిస్కెట్లు, మరమరాలు, ఒక బకెట్టు, మరుగుదొడ్డికి బదులు మూత ఉన్న డబ్బా ఒకటి, బ్యాటరీలతో పనిచేసే రేడియో, ఉతికి ఆరేసిన చీరలు. పేటకు వచ్చే నర్సమ్మను అడిగి కాన్పుకు కావలసినవి కొన్ని తెప్పించింది. పనులన్నీ కూనిరాగం తీస్తూ చేసింది. నీకు భయం వేయదా అత్తా అని అడిగాను.

"వెయ్యకుండా యాడికి పోతుంది? దానికి ఒక పని చెప్తే కుదురుగా కూర్చుంటుంది. ఊరికే ఉంచితేనే ఇల్లంతా తిరుగుతుంది," అన్నది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ మాట లేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, వేళ కాని వేళ, హారన్ మోగింది. అలవాటు ప్రకారం పేటంతా వీధిలోకి వచ్చింది. అమ్మ వదిన చెయ్యి పట్టుకొని నడిపించుకొచ్చింది. నాయన అప్పటికే బయట ఉన్నాడు. అన్న షెడ్డులో ఉన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

చప్పుడు అట్లాంటిది మేం ఎప్పుడూ వినలేదు. కాళ్ల కింద నేల ఎగిరినట్టయింది. కరెంటు పోయింది. కొండ పక్కన మామూలుగా లేచే దుమ్ము కాదు, ఆకాశంలో సగం మేర నల్లగా లేచింది. ఎవరో బాంబు అని అరిచారు. అంతే, వీధి వీధంతా పరుగు. ఫోన్లు కలవడం లేదు. నాయన టెంపో వెనక తలుపు దించి, వదినను ఎక్కమని పిలుస్తున్నాడు. వదిన ఆ పొట్టతో ఒక చెయ్యి టెంపో మీద వేసింది.

అప్పుడు అత్త బయటికి వచ్చింది. హారన్ మోగాక ఆమె గడప దాటడం నేను చూడటం అదే మొదలు. కొంగు ముక్కుకు అడ్డం కట్టుకొని, మోకాళ్ల నొప్పులతోనే ఆ వాకిలి దాటి వచ్చి వదిన రెండో చెయ్యి పట్టుకుంది.

"లోపలికి రామ్మా," అన్నది.

"అక్కా, అడ్డం తప్పుకో. టైం లేదు," అన్నాడు నాయన.

"టైం లేకనే లోపలికి రమ్మంటాండా. గుంత దాకా పోయేసరికి ఆ దుమ్ము మీ నెత్తిన ఉంటది." తర్వాత నాయన వంక చూడటం మానేసి వదినకే చెప్పింది. "నీ బిడ్డ. నువ్వు చెప్పు యాడికి పోతావో."

వదిన ఇద్దరి ముఖాలూ చూసింది. మామగారి మాటకు ఎదురు చెప్పిన కోడలు కాదు ఆమె. "మామా, నేను పెద్దత్తతో పోతా," అన్నది. టెంపో మీదినుంచి చెయ్యి తీసేసింది.

నాయన టెంపోను వదిలి మా వెంట వచ్చాడు. అందరం పరుగున పలకల గదిలోకి పోయాం. పక్కింటి పిన్ని కూడా ఇద్దరు మనవళ్లతో మా వెనకే దూరింది. అత్త తలుపు మూసి సందులో తడిగుడ్డ నొక్కుతుండగా రెండో చప్పుడు వచ్చింది, వెంటనే మూడోది. తర్వాత ఇంటి మీద రాళ్లు పడటం మొదలైంది. చిన్నవి వడగళ్ల మాదిరి, నడుమ నడుమ పెద్దవి. ముందుగదిలో ఏదో పగిలింది. పలకల గదిలో పెట్టెలు కదలలేదు. పిల్లలు ఏడుస్తుంటే అత్త వాళ్ల చేతికి మరమరాలు ఇచ్చింది. నా చున్నీ తీసి మూలన పెట్టమన్నది. తడిగుడ్డతో వదిన ముఖం, చేతులు, మెడ తుడిచింది. చంటిపిల్లకు తుడిచినట్టు తుడిచింది.

అంతా ఆగింది. నాయన లేవబోయాడు. "జీపు రానీ," అన్నది అత్త. మార్కాపురంలో ఏ జీపు వస్తుందని ఎవరూ అడగలేదు. ఆమె రేడియో పెట్టింది. గరగర తర్వాత ఒక గొంతు వినిపించింది. ఎవరో పశువుల డాక్టరు, గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు ఎప్పుడు తాగించాలో తీరుబడిగా చెబుతున్నాడు. చూడి గొర్రెలకు మాత్రం చూసుకొని తాగించమన్నాడు.

మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ముందు అమ్మ నవ్వింది. తర్వాత పిన్ని. "లోకం మునిగిపోతే వీడు నట్టల మందు చెప్తాడా?" అన్నది పిన్ని కళ్లు తుడుచుకుంటూ. వదిన పొట్ట పట్టుకొని నవ్వింది. నా జీవితంలో నేను విన్న కార్యక్రమాల్లో అంత మంచిది ఇంకొకటి లేదు.

అయినా అత్త తలుపు తీయలేదు. కాసేపటికి వీధిలో ఆటో వచ్చింది, మైకు కట్టుకొని. భయపడవద్దు, అది క్వారీలో మందు, బాంబు కాదు అని చెబుతూ పోయింది. అత్త ఆ మాట రెండుసార్లు విన్నది. అప్పుడు గుడ్డ తీసి, "ఇంక పోండి," అన్నది.

షెడ్డులో ఉండిపోయిన అన్న అప్పుడే పరుగున వచ్చాడు, ఒంటి మీద గీత కూడా లేదు. జరిగింది తర్వాత తెలిసింది. యుద్ధం వస్తే పేలుడు మందు అమ్మకం ఆపేస్తారని, ఉన్న సరుకు పట్టుకుపోతారని ఎవరో పుకారు పుట్టించారు. ఒక క్వారీ ఆయన భయపడి, నెలల తరబడి వాడాల్సిన మందంతా బండల్లో దట్టించి ఒక్క మధ్యాహ్నమే పేల్చేశాడు. మందును పోగొట్టుకోకూడదనుకున్నాడు, ఊరి సంగతి తట్టలేదు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. మా ముందుగదిలో ఒక బండ పగులిచ్చింది. పిన్ని నీళ్ల డ్రమ్ము చిల్లిపడింది.

వాకిట్లో టెంపో అట్లాగే వెనక తలుపు దించి ఉంది. పరుపు నడుమ రుబ్బురోలు పొత్రమంత రాయి పడి ఉంది. దిండు దాని కింద ఉంది. నాయన దాన్ని రెండు చేతులా ఎత్తి గోడ పక్కన పెట్టాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి, "కాఫీ తాగుతావా అక్కా?" అని అడిగి, తనే వంటింట్లోకి పోయాడు. మా నాయన కాఫీ కలపడం మేం ఎవరం ఎరగం. చక్కెర మరీ ఎక్కువ వేశాడు. అత్త మొత్తం తాగింది.

ఆ సాయంత్రమే వదినకు నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రికి తీసుకుపోయాం. దుకాణాలు మూసే వేళకల్లా ఆడపిల్ల పుట్టింది. ఏడుపు గట్టిగా ఉందని నర్సు చెప్పినప్పుడు వదిన మళ్లీ మళ్లీ అడిగించుకుంది, నిజంగా గట్టిగా ఉందా అని. కొద్దిరోజులకు సరిహద్దులో కాల్పులు ఆగాయని వార్త వచ్చింది. పేటలో ఎవరూ టపాకాయలు కాల్చలేదు, చప్పుడంటే అందరికీ విరక్తి పుట్టింది. అత్త గదిలో దాచిన బిస్కెట్లు పేట పిల్లలందరికీ పంచిపెట్టింది. "డ్రిల్లు అయిపోయింది, తినండి," అన్నది.

ఆ తర్వాత ఆమె ఏదో గెలిచినట్టు ఒక్కరోజూ మాట్లాడలేదు. ఎవరైనా పొగిడితే, "రాయి పడుతుందని నాకేం తెలుసు? నేను దుమ్ముకు జడుసుకున్నా," అనేది. అది నిజం. ఆమె అనుకున్న ప్రమాదం రాలేదు, వేరేది వచ్చింది. కానీ ఆ పూట మా అందరిలో, ఎక్కడికి పోవాలో ముందే ఆలోచించి పెట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. దాని విలువ ఎంతో మా ఇంట్లో ఇప్పుడు పాకుతూ తిరుగుతోంది.

మిగిలిన ఏడాది అత్తకు పాపే లోకం. నీళ్లు పోసేది, సాంబ్రాణి వేసేది, తనకు గుర్తున్న అరకొర తమిళంలో జోలపాడేది. నేను సెలవుకు వచ్చినప్పుడల్లా పలకల గదిలోనే ఇద్దరూ కనిపించేవాళ్లు. అక్కడ చల్లగా ఉంటుందని సాకు. ఆ గదిలోనే పోయింది.

పెద్దకర్మ అయిన రోజు మధ్యాహ్నం చుట్టాలు వెళ్లిపోయాక వాన వచ్చింది. ఆ ఏడాదికి మొదటి మంచి వాన. కిందటి ఎండాకాలం నేను చదివిన వాటిలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది వాన గురించి రాసిన పేజీ. బాంబు పడిన తర్వాత కురిసే వాన గాలిలోని దుమ్మునంతా కడిగి నేలమీదికి తెస్తుందని, ఒక్క చుక్క కూడా ఒంటిమీద పడనివ్వకూడదని అందులో ఉంది. ఆ పేజీ నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అత్తకు తప్ప. విని, "అట్లాంటి వాన మన పిల్లలు చూడకుండా పోవాల," అన్నది.

వదిన పాపను ఎత్తుకొని వాకిట్లోకి పోయింది. నేను గడపలో నిలబడ్డాను. పాప మొదట ఉలిక్కిపడింది. తర్వాత ముఖం పైకెత్తి, కళ్లు మూసుకొని, నాలుక చాపింది. చుక్కలు నాలుక మీద, బుగ్గల మీద, కొత్తగా వచ్చిన రెండు పళ్ల మీద పడుతున్నాయి. ప్రతి చుక్కకూ ఒళ్లు జలదరించి, మళ్లీ నోరు తెరుస్తోంది. ఎవరూ దాన్ని లోపలికి పిలవలేదు.